మనిషి గీత

అంజయ్య శవం తర్లుపాడు రైల్వేగేటు పక్కన కంపచెట్లలో దొరికింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద గీరు కూడా లేదు. ఊరికి అతనొక అంబులెన్స్ డ్రైవర్. గూఢచారి ఏజెన్సీ ఫైల్లో మాత్రం ఎం-ఫోర్. ఇంట్లోవాళ్ళు గుండెపోటు అనుకున్నారు. అనుకోనివ్వడమే మేలు. ఈ ఉద్యోగంలో చచ్చినవాడికి అంతకంటే గౌరవమైన జబ్బు దొరకదు.

ఏజెంట్ కాటమరాజు కర్ర ఊతంతో వంగి శవాన్ని చూశాడు. ఈ మనిషితో కలిసి ఏళ్ళ తరబడి టీ తాగాడు. ఇప్పుడు ఏడుపు రావాలి, కనీసం కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. రెండేళ్ళ కిందట పక్షవాతం కొట్టి ఎడమ చెయ్యి మొద్దుబారిపోయింది. ఆ మొద్దు భుజం దగ్గర ఆగకుండా లోపలికి కూడా పాకినట్టుంది అనుకున్నాడు. అంజయ్య కళ్ళు మూసి, నిలబడి, మార్కాపురం బస్సెక్కాడు.

పలకల దుకాణంలో గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

"ఏం కావాల?"

"పలకల లోడు ఎప్పుడు పోతది?"

"వాన తెరిపిస్తే."

"ఈ ఏడు వానేది?"

"అందుకే పోలేదు," అని గుమాస్తా వెనకగది తలుపు చూపించాడు.

లోపల, పేర్చిన పలకల మధ్య చీఫ్ చంద్రశేఖరరావు కూర్చుని ఉన్నాడు. కోస్తా మనిషి. ఈ ఎండకు కూడా సూటు విప్పడు, అదొక జబ్బు.

"అంజయ్య చివరి మెసేజ్. మూడే మాటలు. లిల్లీ మార్కాపురంలో ఉంది."

లిల్లీ అంటే ప్రేమకుమారి. మూడు పాస్‌పోర్టులు, ఐదు భాషలు. ఆమె ఒక గదిలోకి వచ్చి వెళ్ళిపోయినాక కూడా సెంటు వాసన కాసేపు అక్కడే కూర్చుంటుంది.

"ఆమె మన మనిషే గదా సార్," అన్నాడు కాటమరాజు.

"మన మనిషే. మనం పంపితేనే హెలిక్స్ ముఠాలో చేరింది. చేరినాక ఎవరికి పనిచేస్తోందో మనకీ తెలీదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా, నిన్ను పంపుతున్నాను."

"టార్గెట్?"

"కంభం రోడ్డులో ఒక చిన్న ఆసుపత్రి. అక్కడ డాక్టర్ కామేశ్వరి అని ఈ ఊరమ్మాయే ఒక కార్డు కనిపెట్టింది. పక్షవాతం వచ్చినవాడి వేలి నుంచి ఒక్క చుక్క. మెదడులో గడ్డ అడ్డుపడిందా, నరం చిట్లిందా, కార్డు చెప్పేస్తుంది. ఈ రోజు ఢిల్లీ కమిటీ చూడ్డానికి వస్తోంది. బాగుందంటే ప్రతి మండలానికీ వెళుతుంది. ఇదే పని చేసే హెలిక్స్ వాళ్ళ మిషన్ కోట్ల ఖరీదు. దాన్ని ఇక ఎవడు కొంటాడు?"

"నా వేషం?"

"పేషెంట్."

"మేకప్?"

"ఎందుకు? నీ చెయ్యి ఉందిగా."

చీఫ్ దాన్ని జోకు అనుకున్నాడు. కాటమరాజు నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. చెవిలో పెట్టుకునే వినికిడి మిషన్ ఒకటి ఇచ్చారు, అది రేడియో. చేతికర్ర ఒకటి ఇచ్చారు. అందులో కెమెరా, ట్రాన్స్‌మిటర్, మత్తు డార్ట్ ఉన్నాయి. ఇన్ని పెట్టినాక అది కర్రలా ఊతమిస్తుందా అని మాత్రం ఎవరూ చూడలేదు.

డాక్టర్ కామేశ్వరిది మార్కాపురం బజార్లో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. మాట కూడా తూకం వేసినట్టే ఉంటుంది. కాటమరాజు ఎవరో చీఫ్ ముందే చెప్పి ఉంచాడు కాబట్టి, ఆసుపత్రిలో తన గది తలుపు మూసి, అరచేతిలో పట్టే తెల్లకార్డు ఒకటి అతని ముందు పెట్టింది.

"నరం చిట్లితే మెదడు లోపలి ప్రోటీన్ ఒకటి వెంటనే నెత్తుర్లోకి కారుతుందన్నా. గడ్డ అడ్డుపడితే అంత తొందరగా కారదు. పైన ఈ ఎర్రగీత వచ్చిందంటే చిట్లినట్టు. రాకపోతే గడ్డ. గడ్డయితే కరిగించే ఇంజెక్షన్ ఇస్తాం, మనిషి లేచి కూర్చుంటాడు. చిట్లినవాడికి అదే ఇంజెక్షన్ ఇస్తే ఇక ఆగదు. నెత్తురు తలంతా నిండి ఇక్కడే పోతాడు."

"కార్డులు ఎవరైనా మార్చేస్తే?"

"అదే నా భయం. నిన్న కొత్త పెట్టె వచ్చింది. సీళ్ళు బాగనే ఉన్నాయి. కార్డు సరిగ్గా పలుకుతుందా అని చూసుకోడానికి చిట్లినవాళ్ళ నెత్తురు ఒక సీసాలో పెట్టుకుంటాం. పొద్దున చూస్తే ఫ్రిజ్‌లో ఆ సీసా పగిలి ఉంది. హైదరాబాదు నుంచి ఇంకోటి వచ్చేది రేపే."

"అయితే ఈ రోజుకి ఆపేయండి. అందర్నీ స్కానింగుకు ఒంగోలు పంపండి."

కామేశ్వరి అతని ఎడమ చెయ్యి వైపు చూసింది.

"మీకేమైంది అన్నా?"

"గడ్డ."

"ఎక్కడ పడినారు?"

"గిద్దలూరు అవతల. స్కానింగు దగ్గరికి చేరేసరికి టైం దాటిపోయింది. ఇంక ఇంజెక్షన్ ఇయ్యకూడదన్నారు. మర్నాడు ఇంకో నెత్తురు పరీక్ష చేసి, మెదడు ఎంత పోయిందో లెక్క చెప్పినారు. చెయ్యి ఇంక రాదన్నారు. రాలేదు."

"మరి ఈ రోజు నేను ఆపితే, గడ్డతో వచ్చినవాడు మీ మాదిరే అవుతాడు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కాటమరాజు కార్డు చేతిలోకి తీసుకున్నాడు. కార్డు తిప్పి చూస్తే కింద ఇంకో చిన్న కిటికీ ఉంది.

"ఇదేంది?"

డాక్టరమ్మ మొహం కొంచెం ఎర్రబడింది.

"అది నా సొంత తలనొప్పి. మన పక్క పల్లెల్లో మనిషికి వాతం కొడితే ముందు ఆసుపత్రికి రారు గదా. పావురాన్ని కోస్తారు. వేడినెత్తురు చేతికీ కాలికీ పూసి, ఆ తర్వాత ఆటో ఎక్కుతారు. మొదట్లో నా కార్డు ఆ పావురం నెత్తురు తాగి ఏదేదో పలికింది. అందుకని ఈ నీలం గీత పెట్టినా. మనిషి నెత్తురైతేనే వస్తుంది. పావురానిదైతే రాదు. మా నర్సులు దాన్ని మనిషి గీత అంటారు."

"పేటెంటులో రాసినారా?"

"ఏమని రాసేది, మా వాళ్ళు పావురాలు పూసుకుంటారనా? నామోషీ అనిపించి మామూలు కంట్రోల్ గీత అని రాసి ఊరుకున్నా."

ప్రేమకుమారి వరండాలో ఉంది. లేతరంగు కాటన్ చీర, మెడలో, ఈ ప్రయోగాన్ని తనిఖీ చేసే ట్రయల్ మానిటర్ అని బ్యాడ్జి, చంకలో పెద్ద తోలు బ్యాగు. వరండాలో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా ఏదో ఒక పని అటువైపే పడింది. ఇదివరకైతే కాటమరాజుకు కూడా పడేది. సింగపూర్‌లో ఇద్దరూ మూడు నెలలు భార్యాభర్తల వేషంలో ఉన్నారు. అప్పుడు కొట్టుకున్న గుండె ఇప్పుడు టంచనుగా, గోడగడియారం మాదిరి నడుస్తోంది.

"చెయ్యి ఎట్లుంది?" అంది ఆమె, అతని వైపు చూడకుండా.

"ఉంది. అంజయ్యను ఎవరు చంపినారు?"

"నేను కాదు."

"పెట్టె మార్చింది?"

ఆమె ఫైలు తిప్పింది. "పొద్దున మీ మనిషిని, సాయంత్రం వాళ్ళ మనిషిని. మధ్యాహ్నం నన్ను ఏమీ అడగొద్దు కాటమరాజూ."

"నీది ఈ పక్కే గదా. దొనకొండ దగ్గర ఏదో పల్లె. ఈ పరీక్ష తప్పు చెప్తే చచ్చేది మీవాళ్ళే."

"ఎవరో ఒకరు చస్తారు. ఎక్కడైనా అంతే గదా." గొంతులో కోపం లేదు, జాలి లేదు. చీఫ్ ఈమెను తయారుచేసిన పద్ధతే అది. కాటమరాజును తయారుచేసింది కూడా అదే చీఫ్ కాబట్టి, ఆ గొంతు అతనికి కొత్తగా ఏమీ అనిపించలేదు.

కమిటీ కార్లు దిగాయి. ఢిల్లీ వాళ్ళు ముగ్గురు, వాళ్ళ వెనక అబ్జర్వర్ బ్యాడ్జి తగిలించుకున్న తెల్లదొర ఒకడు. పేరు మార్టిన్. చొక్కా జేబులో లావుపాటి నల్లపెన్ను. అందరికీ నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ప్రేమకుమారికి పెట్టలేదు. పరిచయం లేనట్టు నటిస్తున్నాడని, హెలిక్స్ మనిషి వీడేనని, ఈమె రిపోర్టు చేసేది వీడికేనని కాటమరాజుకు అప్పుడే అర్థమైంది.

వాళ్ళు కాఫీ తాగుతుండగానే ఆటో ఒకటి గేట్లోకి దూసుకొచ్చింది.

వెనకసీట్లో ఒకావిడ వాలిపోయి ఉంది. అరవై దగ్గర వయసు. మిరపకోతకు కట్టుకున్న పాతచీర, నోరు ఒకపక్కకు లాగేసింది. ఎడమచెయ్యి భుజం దాకా ఎర్రగా, పచ్చిపచ్చిగా మెరుస్తోంది. ఒక నడివయసు మనిషి ఆమెను పొదివి పట్టుకుని, రెండో చేత్తో స్టీలు గ్లాసు ఒలక్కుండా పట్టుకుని దిగాడు.

"పేరేంది?" అంది కామేశ్వరి పరిగెత్తి వస్తూ.

"రాహేలు, డాక్టరమ్మా. నా పేరు నాగులు, పక్కిల్లే. చేన్లో మిరపకాయలు కోస్తా కోస్తా కూలబడిపోయింది. ఎంటనే పావురాన్ని కోసి పూసినాం. ఇంకొంచెం మిగిలితే ఉప్పునీళ్ళు కలిపి తెచ్చినా, దారిలో ఇంకోతూరి పూద్దామని."

"చాలు నాయనా, పూసింది చాలు. చెయ్యి కడగండి, ముందు కుడిచెయ్యి వేలు చూపించండి."

స్ట్రెచర్ లోపలికి తోస్తుంటే నాగులు తలుపు దగ్గర ఆగిపోయాడు. గోడకు ఆనుకుని నిలబడిన ప్రేమకుమారిని కిందినుంచి పైదాకా చూశాడు.

"పాపా, నువ్వెప్పుడొచ్చినావు? అమ్మను చూడు, ఎట్ల పడిపోయిందో."

మార్టిన్ తల తిప్పి ఆమెను చూశాడు.

"మీరు ఎవరనుకుంటున్నారో," అంది ప్రేమకుమారి పొందికైన కోస్తా తెలుగులో. "నాకు ఈవిడ తెలీదండీ."

నాగులు ఆమెను ఇంకోసారి పరీక్షగా చూశాడు. ఆమె మొహంలో ఒక్క కండ కదల్లేదు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది. ఫైలు పట్టుకున్న వేళ్ళు మాత్రం గోళ్ళదాకా తెల్లబడిపోయాయి. కాటమరాజు ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. రెండేళ్ళుగా ఎవరి మీదా మనసు పోక, ఇదీ డ్యూటీయే అనుకున్నాడు.

నర్సు వేలు గుచ్చి చుక్క కార్డు మీద వేసింది. ఢిల్లీవాళ్ళు మూగారు. ఎర్రగీత రాలేదు. నీలం గీత చక్కగా వచ్చింది.

"గడ్డ," అంది కామేశ్వరి. "బీపీ ఎంత? సరే. ఇంజెక్షన్ కలపండి."

"ఎక్స్‌లెంట్," అన్నాడు మార్టిన్, గడియారం చూసుకుంటూ.

కాటమరాజు ప్రేమకుమారినే చూస్తున్నాడు. ఆమె కార్డును చూడటం లేదు. సిరంజిలోకి ఎక్కుతున్న మందును చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కార్డు అబద్ధమాడుతోందని ఆమెకు తెలుసు. కానీ తల్లి తలలో ఉన్నది గడ్డో, చిట్లిన నరమో ఆమెకూ తెలీదు. ఇక్కడ నోరు విప్పిందంటే మార్టిన్ బతకనివ్వడు.

అనుమానం మీద ఆపితే డాక్టరమ్మ వినదు, వినకూడదు కూడా. రుజువు కావాలి. చిట్లిన మనిషి నెత్తురు లేదు, సీసా పగిలింది. కాటమరాజు కళ్ళు నాగులు చేతిలో గ్లాసు మీద పడ్డాయి.

నాలుగు అంగల్లో టేబుల్ దగ్గరికి వెళ్ళి, పెట్టెలోంచి కొత్తకార్డు ఒకటి తీసి, పళ్ళతో కవరు చించాడు. గ్లాసులో వేలు ముంచి కార్డు మీద చుక్క వేశాడు. నర్సు రాహేలు చేతికి సూది ఆనించింది.

"డాక్టరమ్మా, ఇటు చూడండి."

"తర్వాత అన్నా."

"తర్వాత ఈమె ఉండదు. ఇది పావురం నెత్తురు. ఈ కార్డు మనిషంటోంది."

కార్డు మీద నీలం గీత మెల్లగా తేలి, ముదిరింది. మందంగా, స్పష్టంగా వచ్చింది. కామేశ్వరి ఒక్క అంగలో వెళ్ళి నర్సు మణికట్టు పట్టుకుంది. సూది చర్మం లోపలే ఉంది. మందు ఇంకా సిరంజిలోనే ఉంది.

"తియ్యండి. ఒక్క చుక్క లోపలికి పోకూడదు," అంది. తర్వాత రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇవి నా కార్డులు కావు. నా కార్డు పావురాన్ని మనిషనదు."

ఢిల్లీవాళ్ళకు ఇంకా ఏమీ ఎక్కలేదు. మార్టిన్‌కు ఎక్కింది. జేబులోంచి పెన్ను తీసి, మూత తిప్పి, నవ్వు చెక్కుచెదరకుండా కామేశ్వరి వెనక్కి నడిచాడు.

"పెన్ను," అంది ప్రేమకుమారి. మామూలు గొంతుతోనే అంది. "కాటమరాజూ, వాడి పెన్నులో సూది ఉంది. అంజయ్యను చంపింది దాంతోనే."

కాటమరాజు కర్ర ఎత్తి డార్ట్ బటన్ నొక్కాడు. టక్కుమంది, అంతే. ఏమీ రాలేదు. ఏజెన్సీ సామాను ఎప్పుడూ ఇంతే. ఇక లాభం లేదని కర్రను కర్రలాగే వాడాడు. మణికట్టు మీద ఒకటి, మోకాలి మీద ఒకటి. పెన్ను కిందపడి దొర్లింది. దొర కూడా దాని వెనకే పడ్డాడు. నాగులు ఏమీ అర్థం కాకపోయినా, మనిషి కిందపడ్డాడు గదా అని వెళ్ళి వాడి వీపు మీద కూర్చున్నాడు.

నర్సు సిరంజి పక్కన పెట్టింది.

"ఇప్పుడు ఏం చేసేది?" అంది కామేశ్వరి. "గడ్డయితే ఇంజెక్షన్ ఇయ్యాల, చిట్లితే ఇయ్యకూడదు. నా దగ్గర మంచికార్డు ఒక్కటి కూడా లేదు. ఒంగోలు పంపితే టైం పోతుంది."

ప్రేమకుమారి బ్యాగు టేబుల్ మీద బోర్లించింది. లిప్‌స్టిక్కులు, పాస్‌పోర్టులు, చిన్న పిస్తోలు, అన్నీ దొర్లాయి. అడుగున అస్తరు గోరుతో చించి, తెల్లకార్డు ఒకటి తీసింది.

"మార్చకముందు అసలు పెట్టెలోది. ఒకటి దాచుకున్నా," అంది. "పెట్టె మార్చింది నేనే డాక్టరమ్మా. మా అమ్మకు మీరే చూడండి."

ఈసారి పొందికైన తెలుగు లేదు. దొనకొండ పల్లె పిల్ల మాట అది. అంతవరకూ గోడలాగ ఉన్న మొహం పగిలిపోయి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఎట్లా ఆపుకోవాలో ట్రైనింగులో నేర్పారు గానీ, మొదలుపెట్టినాక ఎట్లా ఆపాలో నేర్పలేదు.

నాగులు దొర మీద కూర్చునే అన్నాడు, "అదే నేనూ అనుకున్నా పాపా. నిన్ను ఎత్తుకుని తిప్పినోణ్ణి, గుర్తుపట్టనా?"

నర్సు రాహేలు వేలు రెండుసార్లు కడిగి గుచ్చింది. కింద నీలం గీత వచ్చింది. కాసేపటికి పైన ఎర్రగీత కూడా వచ్చింది.

నరం చిట్లింది. ఆ ఇంజెక్షన్ ఎక్కి ఉంటే రాహేలు ఈపాటికి లేదు.

"చిన్నదే అనుకుంటా, మాట తెలుస్తోంది," అంది కామేశ్వరి. "బీపీ దించి, మెదడు డాక్టర్లున్న గుంటూరు పంపుదాం. పోండి, ఆలస్యం చెయ్యొద్దు."

కాటమరాజు చెవిలో చీఫ్ మాట్లాడుతున్నాడు. "వెల్‌డన్. దొరను పోలీసులు చూసుకుంటారు. నువ్వు లిల్లీని అరెస్ట్ చెయ్. గుంటూరులో మనవాళ్ళకు అప్పజెప్పు."

"గుంటూరుకు అంబులెన్స్ ఒకటే పోతోంది సార్."

"అయితే అందులోనే తీసుకురా."

ఏజెన్సీ రూలు ప్రకారం ముద్దాయిని ఏజెంటు చేతికి కలిపి బేడీ వెయ్యాలి. కుడిచెయ్యి తుపాకీకి కావాలి కాబట్టి ఎడమచేతికి వేశారు. తల్లి చూస్తే బాగుండదని ప్రేమకుమారి బేడీల మీద ఒక టవలు కప్పింది.

అంబులెన్స్ త్రిపురాంతకం దాటింది.

"మనిషి గీత సంగతి నీకు తెలుసా?" అన్నాడు కాటమరాజు.

"నర్సులు చెప్పినారు."

"హెలిక్స్‌కు చెప్పలేదే?"

"వాళ్ళు అడగలేదు," అంది ఆమె కిటికీలోకి చూస్తూ.

అది నిజమో, కోర్టులో చెప్పుకోడానికి ఇప్పుడే కుట్టుకున్న మాటో అతనికి తెలియలేదు. ఒకప్పుడైతే తేల్చుకునేవాడు.

"రేపు మీ అమ్మకు ఇంకో నెత్తురు పరీక్ష చేస్తారు," అన్నాడు. "ఎంత పోయిందో, ఎంత తిరిగొస్తుందో ఒక అంకె చెప్తారు. దాన్ని నువ్వు అడగొద్దు. నాకు చెప్పినాక, నేను చెయ్యి కదిలించడానికి ప్రయత్నించడమే మానేసినా."

ఆమె తల ఊపింది. టవలు కింద కదలిక కనిపించింది. అతని ఎడమచేతికి ఏమీ తెలియలేదు. ఆమె తన వేళ్ళు పట్టుకుందని కళ్ళతో చూస్తేనే తెలిసింది. బాధ వేసింది. చాలా రోజుల తర్వాత, అంజయ్య మీద కూడా అప్పుడే బాధ వేసింది.

రాహేలు కళ్ళు తెరిచింది. కూతుర్ని చూసింది. పక్కన కూర్చున్న మగమనిషిని చూసింది. టవలు కింద కలిసి ఉన్న రెండు చేతుల్ని చాలాసేపు చూసింది. వంకరపోయిన నోటిని కూడదీసుకుంది.

"ఈయ...నేనా?"

ప్రేమకుమారికి ఐదు భాషల్లోనూ ఒక్క మాట దొరకలేదు.

"అవునత్తా," అన్నాడు కాటమరాజు.

"ఏజెంట్, ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు చీఫ్ చెవిలో. కాటమరాజు వినికిడి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు.

"ప్రార్థన... ఇన్నాడు దేవుడు," అంది రాహేలు. మంచిగున్న కంట్లోంచి నీళ్ళు కారాయి. అంతటితో ఊరుకుంటే ఆమె తల్లెట్లా అవుతుంది. అల్లుణ్ణి ఇంకోసారి ఎగాదిగా చూసి, కూతురి వైపు తిరిగింది.

"ఏం... పని చేస్తాడు?"

"గవర్నమెంటు ఉద్యోగమమ్మా," అంది ప్రేమకుమారి.

రాహేలు తృప్తిగా కళ్ళు మూసుకుంది. పదేళ్ళలో ప్రేమకుమారి తల్లికి చెప్పిన మొదటి నిజం అది.